మొహమాటం లేని మనిషికి పాతిక శాతం

"మార్కెటింగ్" అనే మాట వినగానే మన ఐటీ జనాలకి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అమెరికాలో బెంచ్ మీదున్న కుర్రాడి రెండేళ్ళ అనుభవం రెజ్యూమెలో రాత్రికి రాత్రి ఎనిమిదేళ్ళయిపోవడం, ముఖం చూడని ఒకాయన దాన్ని రోజుకి యాభై చోట్లకి తోలడం, క్లయింటు గంటకి ఎంతిస్తున్నాడో పని చేసేవాడికి చివరిదాకా తెలియకపోవడం. నేనూ కొన్నాళ్ళు ఆ చెట్టు కింద కూర్చున్నవాణ్ణే (కంపెనీ పేరు అడక్కండి). అందుకే 2007లో మా జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆవిడ "నేను ఫొటోగ్రాఫర్లని మార్కెట్ చేస్తుంటాను" అన్నప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను.

ఆవిడ చేసే పనిని అక్కడ "రెప్" అంటారు. ఏడుగురు ఫొటోగ్రాఫర్ల తరఫున మాన్‌హట్టన్‌లో పత్రికల చుట్టూ, యాడ్ ఏజెన్సీల చుట్టూ తిరగడం. వెబ్‌సైట్ మొరాయిస్తోందంటే వెళ్ళి చూశాను. ఫ్లాష్‌లో చేసిన సైటు, ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్ల సైట్లలో చాలావాటిది అదే బాపతు. బాగు చేసినందుకు డబ్బు వద్దన్నానని కాఫీలు ఇప్పించేవారు. మా ఆఫీసు మిడ్‌టౌన్‌లోనే కాబట్టి లంచ్ టైములో ఆవిడ సంచులు మోసిపెట్టేవాణ్ణి. నా అమెరికా జీవితంలో ఆఫీసు బయట నేర్చుకున్నదేదైనా ఉందంటే ఆ సంచుల దగ్గరే.

సంచిలో ఉండేది "బుక్". అంటే పోర్ట్‌ఫోలియో. అట్ట మీద ఫొటోగ్రాఫర్ పేరు, లోపల ముప్పై నలభై ప్రింట్లు, వెనక అరలో వదిలి రావడానికి కార్డులు. ఒక్కొక్కరికి రెండు మూడు కాపీలు ఉండేవి, ఒకటి ఏ ఏజెన్సీలోనో ఇరుక్కుపోతే ఇంకోటి చేతిలో ఉండాలి కదా. కొన్ని పత్రికలకి వారంలో ఒక రోజు ఉండేది. ఆ రోజు పొద్దున రిసెప్షన్‌లో బుక్ పెట్టి రావాలి, మర్నాడు వెళ్ళి తెచ్చుకోవాలి. మనిషి కనపడడు, మాట వినపడదు. అసలు తెరిచి చూశారో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆవిడ కార్డులు లెక్కపెట్టి పెట్టేవారట. ఒకటి తగ్గితే ఆ రోజు హుషారే వేరు!

పత్రికకి చూపించే బుక్కూ ఏజెన్సీకి చూపించే బుక్కూ ఒకే వరసలో ఉండకూడదు. పత్రికలో ఫొటో ఎడిటర్‌కి కావలసింది ఆ మనిషి లోకాన్ని ఎలా చూస్తాడన్నది. ఏజెన్సీలో లేఅవుట్ ముందే గీసి ఉంటుంది, అదే బొమ్మని ఈ మనిషి చెప్పిన రోజుకి తీసివ్వగలడా అన్నదే వాళ్ళ బాధ. పత్రిక తక్కువిస్తుంది కానీ ఫొటో పక్కన పేరు వేస్తుంది. ఏజెన్సీ పేరు వెయ్యదు, డబ్బిస్తుంది. కాబట్టి పత్రికల్లో వచ్చిన ఫొటోలు చూపించి యాడ్ పని తెచ్చుకోవడమే అసలు వ్యాపారం. ఒక సాయంత్రం ఆవిడ వంటింటి బల్ల మీద ప్రింట్లన్నీ పరిచి, ఆ ఫొటోగ్రాఫర్‌కి ప్రాణమైన ఫొటో తీసి పక్కన పెట్టేశారు. అతను ఫోన్లో అరగంట పోట్లాడాడు. ఆవిడ వినలేదు.

ఆవిడ వాటా పాతిక శాతం. అది ఒప్పందంలో ఉండేది, ఫొటోగ్రాఫర్‌కి తెలిసే ఉండేది. నా సంగతి గుర్తొచ్చి కడుపు మండింది, ఒప్పుకుంటా :)

ఇంకో విషయం. ఆవిడ ఎస్టిమేట్‌లో ఫొటో "అమ్మకం" అనే మాటే ఉండేది కాదు. ఎన్నేళ్ళు, ఏ మాధ్యమంలో, ఏ దేశంలో వాడుకుంటారు, దాన్నిబట్టి రేటు. మన లైసెన్సు లాంటిదే. అక్కడ ఫ్రీలాన్సర్ సంతకం పెట్టి రాసిస్తే తప్ప కాపీరైట్ అతనిదే. 1947లో కాపా, కార్టియే-బ్రెసాఁ వాళ్ళు కలిసి మాగ్నమ్ పెట్టుకున్నది కూడా ముఖ్యంగా ఈ హక్కు చేజారకుండా ఉండటానికే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పిన్ని కొడుకు. 2019లో మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి కెమెరా పట్టుకున్నాడు. పిన్ని ఇప్పటికీ సంబంధాల వాళ్ళతో "సాఫ్ట్‌వేరే" అంటుంది. పెళ్ళిళ్ళతో తిండి గడుస్తుంది, ప్రకటనలంటే ఇష్టం. వీడి తరఫున బుక్ మోసేవాళ్ళెవరూ లేరు. "ఒక పది ఫొటోలు వాట్సాప్ చెయ్యి" అంటారు, పంపుతాడు, పోర్ట్‌ఫోలియో చూపించడం అయిపోయింది.

పోయినేడు ఒక ఏజెన్సీ ద్వారా నగల కొట్టు క్యాలెండర్‌కని ఒక రోజు షూట్ చేశాడు. ఒకటే లైను మెయిల్, ఒకటే రేటు. తర్వాత ఆ ఫొటోలు మెట్రో స్తంభాల మీద, బస్సుల మీద, పేపర్లో. అడిగితే "డబ్బులిచ్చాం కదా బాస్" అన్నారు.

చట్టం వాళ్ళ వైపే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి తొలి హక్కుదారు తీయించుకున్నవాడే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ చివరి ముక్కలోనే ఉంది కిటుకంతా. అక్కడ రాసిస్తేగానీ హక్కు పోదు, ఇక్కడ రాయించుకుంటేగానీ హక్కు రాదు.

ఇప్పుడదే ఏజెన్సీ రెండు రోజుల షూట్ ఉందంది. ఈసారి రాయించుకోరా అన్నాను.

"అన్నయ్యా, నేను కాయితం తీస్తే వాళ్ళు ఇంకొకణ్ణి పిలుస్తారు. లెన్సు మీద ఈఎంఐ ఉంది నాకు."

నిజమే, పిలుస్తారు. న్యూయార్క్‌లోనూ ఒకే పనికి ముగ్గుర్ని ఎస్టిమేట్లు అడుగుతారు. కానీ అక్కడ అడిగేది ఫొటోగ్రాఫర్ కాదు, రెప్. తన పని విలువ ఇంతని తన నోటితో చెప్పుకోవడానికి మనకి మొహమాటం. మనమూ అప్రైజల్ గదిలో చేసేదదే కదా! ఆ పాతిక శాతం బుక్ మోసినందుకు కాదు, ఆ మొహమాటం ఆవిడకి లేనందుకు అని నా అభిప్రాయం.

అందుకని వాడి మెయిల్ ఐడీ నుంచే, వాడు పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే, నేనే రాశాను. కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. క్యాలెండరు, హోర్డింగులు, రెండు తెలుగు రాష్ట్రాలు, ఒక ఏడాది. దాటితే అదనం. నాలుగు రోజులు చప్పుడు లేదు. వాడు నన్ను తిట్టడం ఒక్కటే తక్కువ.

నిన్న జవాబొచ్చింది. కాపీరైట్ ఊసెత్తలేదు. హోర్డింగులకి ఆర్నెల్లు చాలట, రేటు ఎంత తగ్గిస్తావని అడిగారు. వాడు సగం తగ్గిద్దామంటున్నాడు, నేను పాతిక శాతం దాటనివ్వనంటున్నాను. సోమవారంలోగా తేల్చాలి.