అన్నం మానేసినవాడి ప్రయాణాలు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే ఏసీ బస్సులో ఉడకబెట్టిన కోడిగుడ్ల డబ్బా మూత తీశారా ఎప్పుడైనా? తీయకండి. నేను తీశాను, నందిగామ దాటాక. ముందు సీటతను తల తిప్పి ఒకసారి చూశాడు, ఏసీ గాలి రంధ్రం తన వైపుకి తిప్పుకున్నాడు, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేకపోయాను. కోదాడ దాకా ఫోనులోంచి తలెత్తలేదు.

కీటో మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. 2022లో, నా ముప్ఫై నాలుగో ఏట, ఆఫీసు వాళ్ళు ఉచితంగా చేయించిన పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. అంటే మూడు నెలల చక్కెర సగటు గుట్టు చెప్పే అంకె. 6.5 దాటితే సుగర్ ఉన్నట్టే. మా నాన్నకి నలభై ఎనిమిదో ఏట వచ్చింది, తాతకి అరవైల్లో. తరం తరానికీ పధ్నాలుగేళ్ళు ముందుకి జరుగుతోందన్నమాట. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. లెక్క వేసుకుని ఆపేశాను.

నాన్నకి కాలి బొటనవేలు తీసేశారు. అందుకే భయపడ్డాను. ఆరోగ్యం, ఫిట్‌నెస్, కొత్త సంవత్సరపు తీర్మానం లాంటివేం కావు. ఆ వేలు లేని చెప్పు గడప దగ్గర ఎలా ఉంటుందో రోజూ చూసినవాడి భయం అది.

విజయవాడలో కీటో అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి ఉపన్యాసాలు వినని ఇల్లు మా వీధిలో లేదు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీ విటమిన్ మాత్రలు. పెళ్ళిళ్ళలో కూడా అదే మాట. టీవీల్లో డాక్టర్లు ఆయనతో వాదించేవాళ్ళు, కింద పక్కింటి అంకుల్ కొబ్బరినూనె డబ్బాతో మెట్లెక్కేవాడు. కృష్ణకి అవతలి ఒడ్డున, ఉండవల్లి కరకట్ట మీద, మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం. అక్కడ ఉప్పు లేదు, నూనె లేదు, తీపి లేదు. ఒక ఒడ్డున నూనె తాగమంటారు, ఒక ఒడ్డున నూనె చుక్క ముట్టొద్దంటారు, మధ్యలో ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ జామ్. రెండు వైపుల వాళ్ళూ ఒక్క దానిలో మాత్రం కలుస్తారు: తెల్లన్నం తగ్గించమనడంలో.

సరిగ్గా అదే మా వల్ల కాదు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. డొక్కల కరువు అని కూడా అనేవాళ్ళు దాన్ని. ఆ తర్వాత 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, డెల్టా వరిచేలయింది. 1957లో పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ. అదే ఏడాది మాయాబజార్ కూడా వచ్చింది, అందులో ఎస్వీ రంగారావు ఒక్కడే విందంతా లాగించేస్తాడు. నాకైతే ఆ రెండిటికీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది, సాక్ష్యం అడక్కండి. ఆకలి మీద కథలు బోలెడు చదివాను. అన్నం ఉండీ, డబ్బుండీ, ఒంటరిగా హోటల్లో కూర్చుని అన్నం వద్దనే మనిషి కథ మాత్రం నాకు తగల్లేదు. ఉపవాసం వేరు. దానికి దేవుడు తోడుంటాడు, మర్నాడు పారణ ఉంటుంది.

కీటో మనం కనిపెట్టిందీ కాదు, మొన్న పుట్టిందీ కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన, అంత్యక్రియలు జరిపించే వ్యాపారి, రొట్టె, పంచదార, బంగాళాదుంప మానేసి తను ఎలా సన్నబడ్డాడో చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు రసెల్ వైల్డర్ మూర్ఛ రోగులకి ఈ తిండి సూచించి, దానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్న ఇద్దరిలో ఒకడి ఇంటిపేరు కూడా బాంటింగే. పిండిపదార్థం రోజుకి 50 గ్రాముల లోపుకి, చాలామంది 20కి, దించేస్తే ఒళ్ళు దాచుకున్న చక్కెర అయిపోయి, కాలేయం కొవ్వుని కీటోన్లుగా మార్చి ఇంధనంగా ఇస్తుంది. మొదటి వారంలో నీళ్ళూ ఉప్పూ బాగా పోతాయి, తలనొప్పి, నీరసం. ఇంట్లో ఉంటే మజ్జిగలో ఇంత ఉప్పేసుకుని పడుకోవచ్చు. నా ఉద్యోగం నన్ను ఇంట్లో ఉండనివ్వదు. నెలకి మూడుసార్లు హైదరాబాద్, ఒకసారి చెన్నై.

చెన్నై వెళ్ళే పినాకినిలో ఆమ్లెట్ తిని బ్రెడ్ పక్కన పెట్టేవాణ్ణి. ఎదురు సీట్లో పిల్లలుంటే ఆ బ్రెడ్ కేసి చూసేవాళ్ళు, ఇవ్వనా మాననా అని నేను వాళ్ళ కేసి. హోటళ్ళలో పనీర్ బటర్ మసాలా సురక్షితం అనుకుంటాం, అందులో పంచదార వేస్తారు. చికెన్ మంచూరియా అంతా మొక్కజొన్న పిండే. నమ్మదగినవి వేపుళ్ళు, ఆమ్లెట్లు, కాల్చిన చేప. హైదరాబాద్‌లో బిరియానీ హోటల్లో "పీసులు మాత్రం ఇవ్వు బాబూ" అనడిగితే సర్వర్ జాలిగా చూశాడు, డబ్బుల్లేవేమో అనుకున్నట్టున్నాడు. ఇంకో పొట్లం మసాలా ఊరికే తెచ్చి పెట్టాడు. మనవాళ్ళ దయ ఎప్పుడూ తిండి రూపంలోనే వస్తుంది, అదే నాకొచ్చిన చిక్కు.

మా గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న పెట్టి ఇస్తారు. నాకు వెన్న ఒప్పు, ఇడ్లీ తప్పు. ఒకరోజు వెన్న మటుకు తినేసి లేచొచ్చాను. ఇన్నేళ్ళ నా జీవితంలో అంత సిగ్గుపడ్డ సందర్భాలు తక్కువ.

కొబ్బరినూనె సంగతి వేరే చెప్పాలి. మేలో బెజవాడ ఎండకి సీసా మూత సందులోంచి కారి లాప్‌టాప్ సంచీ అంతా పాకుతుంది. డిసెంబరులో హైదరాబాద్‌లో దిగేసరికి అదే సీసాలో రాయిలా గడ్డకట్టి ఉంటుంది. 24 డిగ్రీలు దాని హద్దు. హోటల్ గదిలో వేడినీళ్ళ కుళాయి కింద సీసా పట్టుకుని, రాత్రి పదకొండింటికి, రేపటి డెమో గురించి ఆలోచిస్తూ నిలబడేవాణ్ణి. నూనె గొడవెందుకని ఒకసారి ఎండుకొబ్బరి చిప్పలు పట్టుకెళ్తే గన్నవరం ఎయిర్‌పోర్టులో తీయించేశారు. బాంబు కాదు కదా అని నవ్వబోయాను. తర్వాత చదివితే తెలిసింది, ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకోగల సరుకుల జాబితాలో ఉందట. మా అమ్మ దాన్ని గోనెసంచీలో, పొయ్యి పక్కన పెడుతుంది.

ఇంతకీ అసలు జరిగింది ఐదో వారంలో. మధ్యాహ్నం బస్సు. పొద్దున్న కాఫీలో వెన్న వేసుకుని తాగాను, అంతే. సూర్యాపేట ఇంకా రాలేదు. చేతులు వణకడం మొదలైంది. ఏసీ అనుకున్నాను. చెమట పట్టింది. ఏసీలో చెమటేంటి? ఫోను మీద అక్షరాలు చదువుతున్నాను గానీ అర్థం కావట్లేదు. సంచీలో సుగర్ చూసుకునే మీటరుంది, దాన్ని తెరవడం ఎలాగో గుర్తు రావట్లేదు. పక్క సీట్లో పెద్దావిడ, "ఏంటి బాబూ, అలా అయిపోతున్నావు?" అంది. "సుగర్," అన్నాను, ఆ ఒక్క మాట ఎలా వచ్చిందో. ఆవిడ ఇంక ప్రశ్నలు వెయ్యలేదు. కూతురికి పట్టుకెళ్తున్న బందరు లడ్డు డబ్బా దారం పళ్ళతో తెంపి, లడ్డు చిదిపి నా నోట్లో పెట్టింది. "మా ఆయనకీ ఇంతే అయ్యేది. మింగు. మింగు నాయనా." ఒకటి అయ్యాక ఇంకోటి. ఐదు వారాల తర్వాత నాలిక మీద తీపి. ఏడుపొచ్చింది, చక్కెర వల్లో ఇంకెందువల్లో. పావుగంటయ్యాక చేతులు నిలబడితే మీటరు తీసి చూసుకున్నాను. 61. అది లడ్డూలు తిన్నాక.

తప్పెవరిదీ కాదు, నాదే. నాకు రాసిన మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంది. అది క్లోమాన్ని తరుముతుంది, ఇన్సులిన్ వదలమని. తిండి లోపలికొచ్చిందా లేదా అని అది ఆగి చూడదు. నేను అన్నం మానేశాను, మాత్ర మానలేదు, డాక్టరుకి చెప్పలేదు. చెప్తే వద్దంటారని చెప్పలేదు. వెళ్ళి ఒప్పుకున్నాక ఆయన తిట్టలేదు. కంప్యూటర్ వాళ్ళకి తెలియాలి కదండీ, ఒకచోట మారిస్తే ఇంకోచోట ఏం పగులుతుందో చూసుకోవాలని, అన్నారు అంతే. గ్లిమెపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు. దానితో ఒంటరిగా ఇలా చక్కెర పడిపోవడం అరుదు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు ఈ తిండి జోలికి వెళ్తే ఇంకో ప్రమాదమట: మీటరులో చక్కెర మామూలుగానే కనబడుతుంది, రక్తం మాత్రం ఆమ్లమైపోతుంది. ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరింట్లో ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో ఒకసారి చూడండి. ఈ వ్యాసంలో పనికొచ్చే ముక్క ఇదొక్కటే అయినా ఫర్లేదు.

ఆర్నెల్లకి 6.1 వచ్చింది. పదకొండు కిలోలు తగ్గాను. ఆ అంకెలు చూపిద్దామని ఊరెళ్ళాను, పామర్రు దగ్గర.

నాన్న పండించేది బీపీటీ 5204, బాపట్లలో పుట్టిన సాంబా మసూరి. ప్రతి సంక్రాంతికీ రెండు బస్తాలు నాకు. ఆ ఏడు ఒక బస్తా చాలు నాన్నా అన్నాను. ఆయన నా రిపోర్టు కాగితం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు, మడిచి ఇచ్చేశాడు. "మంచిదేగా," అన్నాడు. భోజనానికి కూర్చున్నాం. నా కంచంలో చేపల పులుసు, గోంగూర, రెండు గుడ్లు. ఆయన కంచంలో అన్నం. పులుసు దేనితో కలుపుకోవాలో తెలియక నేను గరిటెతో తాగుతుంటే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు సాంబా మసూరినే మెరుగుపరిచి ఒక రకం తెచ్చారనీ, దాంతో రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందనీ చెప్పాను. "విన్నాంలే. తెగులు కూడా తట్టుకుంటదంట," అన్నాడు, రైతుగా. రోగిగా ఏమీ అనలేదు. ఆయన పరగడుపు సుగర్ 260 ఉంది ఆ నెల. వేసుకునేది గ్లిమెపిరైడే. అన్నం మానెయ్ నాన్నా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన పొలం గట్టు మీద ఒక్కడే తిరుగుతాడు. గట్టు మీద పక్క సీటు ఉండదు. బస్సులో జరిగింది అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అప్పుడు చెప్పాను, మొత్తం.

నాన్న తినడం ఆపి విన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది. మాత్రల డబ్బా తెప్పించి నేను పేర్లు చదువుతుంటే కాసేపు చూసి, మంగళవారం డాక్టరు దగ్గరికి పోదాంలే అన్నాడు, నేను తీసుకెళ్తేనే. మంగళవారం నాకు హైదరాబాద్‌లో మీటింగ్. రాననొచ్చు, అన్నాను కూడా.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ అడిగాడు: "ఆవిడ పేరు అడిగావా?"

అడగలేదు.

"ఏ ఊరన్నా చెప్పిందా?"

బందరు అనుకుంటా, లడ్డూలు చూసి.

"అడగాలిగదరా," అన్నాడు.