తాయెత్తుకి పేరు, టీకాకి తిట్లు

పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుని. గాలికుంటు టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి ఐసుపెట్టె మోసుకుంటూ ఆరునెలలకోసారి గడపగడపకీ తిరుగుతాను. "వద్దులే బాబూ, పాలు తగ్గుతాయి" అంటారు. నిజమే, ఒకట్రెండు రోజులు కాస్త తగ్గొచ్చు. రోగమే వస్తే పోయే పాల మాటేమిటి?

ఇక తాయెత్తు సంగతి. నోట్లో, గిట్టల మధ్య పుళ్ళు పడినా పెద్ద పశువులు చాలావరకు రెండుమూడు వారాల్లో వాటంతటవే తేరుకుంటాయి. ఆ పేరంతా మంత్రగాడు కొట్టేస్తాడు. లేగదూడలు మాత్రం ఒక్కోసారి, వైరస్ గుండెకి పాకి, ఉన్నట్టుండి చచ్చిపోతాయి. అప్పుడు మంత్రగాణ్ణి అడిగేవాడుండడు, "దాని కర్మ" అంటారు. టీకా వల్ల రాకుండా పోయిన రోగాన్ని ఎవరు లెక్కపెడతారండీ?

అందుకే నోటుబుక్కు పెట్టాను. ఏ కొట్టంలో తాయెత్తు, ఏ కొట్టంలో టీకా, ఎన్ని దూడలు పోయాయి, అన్నీ పక్కపక్కనే రాస్తున్నాను. అడిగినవాళ్ళకి చూపిస్తాను.