ఎవరూ ఒప్పుకోని కూర

వరి కోతలయ్యాక మా శ్రీకాకుళం వైపు ఎలక కూర ఎవరు తింటారని అడిగి చూడండి. ఎవరూ తినరు. పక్క వీధివాళ్ళు తింటారు. పక్క వీధికెళ్ళి అడిగితే పక్క ఊరివాళ్ళు తింటారు. అలా అడుగుతూ నాగావళి దాటి, వంశధార దాటి, ఒడిశాలో తేలతాం గానీ ‘నానే తింతాను బావూ’ అనే మనిషి తగలడు. అయినా డిసెంబరు వచ్చేసరికి పొలం గట్లన్నీ ఎవరో పలుగు పట్టి తవ్వినట్టే ఉంటాయి.

తవ్వినవాడికి రెండు లాభాలు. వరి పొలంలో తిరిగే ఎలక కంకి కొరికి అక్కడే తిని ఊరుకోదు. పొట్ట నిండాక మిగతా కంకుల్ని కన్నంలోకి లాక్కుపోయి, లోపలెక్కడో ఒక అరలో దాచుకుంటుంది. తవ్వుకుంటూ పోతే ముందు ధాన్యం దొరుకుతుంది, ఆ వెనక దాచుకున్న ఆసామి దొరుకుతాడు. సెంటు భూమి లేని ఇంట్లో కూడా కొత్త గింజలు కనిపించాయంటే ఒక్కోసారి అవి ఇలా వచ్చినవే. రైతు కూడా కాదనడు. ‘తవ్వుకో గానీ గట్టు మళ్ళీ పూడ్సీ’ అంటాడంతే.

ఎలక కన్నానికి ఒక్క దారి ఉండదు. తెలిసినవాడు ముందు చుట్టూ తిరిగి, తాజా మట్టి ఎక్కడెక్కడ పోసి ఉందో చూస్తాడు. ఒక్కటి వదిలి మిగతా దారులన్నీ మట్టిపెళ్ళలతో మూస్తాడు. పాత పద్ధతిలో అయితే కుండ అడుగున బెజ్జం చేసి, లోపల ఎండుగడ్డీ పిడక ముక్కా అంటించి, కుండ మూతిని కన్నానికి ఆనించి, బెజ్జంలోంచి నోటితో ఊదుతారు. కన్నంలోకి వెళ్ళిన పొగలో కొంత ఊదేవాడి ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. ఇప్పుడు వ్యవసాయ శాఖవాళ్ళు చేత్తో తిప్పే పొగయంత్రం వాడమని చెబుతున్నారు. పాత కుండకి చక్రమూ పిడీ తగిలించారు, అంతే తేడా.

ఇంటికి తెచ్చాక గడ్డిమంట మీద బొచ్చు కాలుస్తారు. మాడిన పైపొర కత్తితో గీకి, పొట్ట చీల్చి పేగులు తీసేసి, ఉప్పూ పసుపూ రాసి కడుగుతారు. ఆపైన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు గట్టిగా దంచి వేసి నీరు ఇగిరేదాకా పొయ్యి మీద ఉంచుతారు. తిన్నవాళ్ళు చెప్పేదేమంటే, ధాన్యం తిని పెరిగింది కాబట్టి నీచు వాసన ఉండదట. ఊళ్ళో మురికి కాలవల వెంట తిరిగే పందికొక్కుని వాళ్ళూ ముట్టరు. పొలం ఎలక వేరు, ఇంటి ఎలక వేరు. ఆ పట్టింపు చాలా గట్టిది. నేను తిన్నానా అంటారా? మా పక్క వీధివాళ్ళు తిన్నారు.

ఈ వంటకి రాజముద్ర కూడా ఉంది. 1126 నుంచి 1138 దాకా ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం ఉంది. రాజు అనుభవించదగ్గ భోగాలన్నీ వివరంగా చెప్పే పుస్తకం. అందులో పొలాల్లోనూ ఏటి ఒడ్డునా తిరిగే నల్ల ఎలకల వంట కూడా చెప్పారు. తోక పట్టుకుని కాగిన నూనెలో ముంచి బొచ్చు ఊడగొట్టాలి, వేడినీళ్ళతో కడగాలి, పొట్ట చీల్చి పులుపూ ఉప్పూ వేసి వండాలి. లేదంటే ఇనుప చువ్వకి గుచ్చి నిప్పుల మీద కాల్చి, ఉప్పు, జీలకర్ర లాంటివి చల్లుకోవాలి. నూనే మసాలాల తేడా తప్ప, బొచ్చు తీయడం, పొట్ట చీల్చడం, ఉప్పేసి వండడం మా దగ్గరా జరిగేదే. రాజు రాస్తే పాకశాస్త్రం అయింది, పాలేరు వండితే పరువుతక్కువ అయింది.

తినే జంతువుని బట్టి మనిషిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో తేల్చే అలవాటు మనకి బాగా పాతది. ఎడ్గర్ థర్స్టన్, రంగాచారి కలిసి 1909లో 7 సంపుటాలుగా దక్షిణ భారత కులాల మీదా తెగల మీదా పుస్తకం అచ్చువేశారు. పుట తిప్పితే చాలు, ఫలానావాళ్ళు ఎలకలు తింటారు, ఫలానావాళ్ళు నక్కని తింటారు, వీళ్ళు అది ముట్టరు అని వస్తూనే ఉంటుంది. ఆ వరస దొరలు కనిపెట్టింది కాదు. ఊళ్ళో పెద్దమనుషులు చెప్పిందే వాళ్ళు దస్త్రంలోకి ఎక్కించారు.

దొరల కాలంలోనే ఇంకో రకం వేట నడిచింది. విజయనగరం రాజవంశం నుంచి వచ్చిన మహారాజకుమార్ విజ్జీ, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆయన 300కి పైగా పులుల్ని కాల్చాడని చెప్పుకుంటారు. వాటిలో ఒక్కటి కూడా కూరలోకి వెళ్ళి ఉండదు. తినని వేటకి దివాణం గోడ మీద చోటు దొరికింది. తినే వేటకి ఊరవతలే చోటు.

వేటమాంసంలో కూడా అంతస్తులున్నాయి. చెవులపిల్లి, దుప్పి, అడవిపంది అంటే చెప్పేవాడి గొంతు లేస్తుంది. ఏదుపందీ ఉడుమూ దగ్గర మధ్యస్థంగా ఉంటుంది. ఎలక దగ్గరకొచ్చేసరికి చుట్టూ చూసుకుని గానీ మాట్లాడడు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ అంతస్తుల్ని తలకిందులు చేసింది. ఉడుముని పులితో పాటు మొదటి షెడ్యూల్లో పెట్టింది. పందినీ చెవులపిల్లినీ వేటాడితే కేసే. అయిదో షెడ్యూల్లో మాత్రం హానికర జంతువులని పేరుపెట్టి కొన్నింటిని గాలికి వదిలేసింది. కాకి, పళ్ళు తినే గబ్బిలం, చిట్టెలక, ఎలక. 2022 సవరణతో ఆ షెడ్యూలే ఎగిరిపోయింది గానీ పొలం ఎలకని చంపినందుకు పోలీసు రాడు. అంటే పరువైన మాంసాలన్నీ నేరాలయ్యాయి, పరువులేని మాంసం ఒక్కటే నేరం కాకుండా మిగిలింది. అయినా సిగ్గుపడేది ఎలక తిన్నవాడే. పంది తిన్నవాళ్ళలో కొందరు ఫోనులో ఫొటో పెట్టుకుని మరీ దొరికిపోతున్నారు.

పంది బాధ కల్పన కాదు. మొక్కజొన్న చేలో ఒక్క రాత్రి మంద దిగితే పొద్దున రైతుకి మిగిలేది దంట్లే. బీహార్‌లో 2015 చివర అడవిపందినీ నీలుగాయినీ కొన్నాళ్ళపాటు హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించింది కూడా. మన దగ్గర రైతులు కొందరు దొంగచాటుగా చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకి పంది ఏదో ఆవేదో మనిషేదో తెలియదు. ఏ కూర కోసమైనా, ఏ పంట కోసమైనా ఆ తీగని సమర్థించడం నావల్ల కాదు.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే వేట సంగతి గుసగుసగా చెప్పుకోనక్కర్లేదు. అరకు, పాడేరు వైపు గిరిజన గ్రామాల్లో చైత్రంలో ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్ళు వేటకి వెళ్ళడం అందులో ఒక విధి. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు, వెక్కిరిస్తారు. ఆ రోజుల్లో దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే బళ్ళని ఆపి డబ్బులు అడిగేది కూడా ఆడవాళ్ళే. పర్యాటకులు కొందరు దాన్ని దోపిడీ అనుకుని కంగారు పడతారు. అడవిలో జంతువు తగ్గింది, పైన చట్టం ఉంది. ఇప్పుడు పేడనీళ్ళు పడే అవకాశమే ఎక్కువ.

మన్యంలో ఇంకో రుచి ఉంది, బొడ్డెంగులు. ఈతచెట్టు లోపల పెరిగే లావుపాటి తెల్లపురుగు. తమ కొవ్వులోనే అవి వేగుతాయని చెబుతారు. సీతంపేట, పార్వతీపురం వైపు వాటిని ఇష్టంగా తింటారు. మైదానంలోకి దిగితే దాని బదులు ఉసుళ్ళున్నాయి. తొలకరి వాన కురిసిన సాయంత్రం పుట్టల్లోంచి రెక్కల చెదలు వేలకి వేలు లేస్తాయి. గోతిమీద దీపం పెడితే వచ్చి పడతాయి. రెక్కలు రాలాక చేటలో చెరిగి, నూనె లేకుండా మంగలంలో వేయించి, పేలాలతో కలుపుకుని పిల్లలు జేబుల్లో పోసుకుంటారు. ఉసుళ్ళు తిన్నానని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. ఎలకకి పడే చిన్నచూపు చెదపురుగుకి ఎందుకు పడలేదో నాకు అంతుపట్టలేదు. రెక్కలున్నందుకో, పిల్లలు తింటారు కాబట్టో.

తినేవాళ్ళు కంటపడ్డ ప్రతిదాన్నీ తింటారనుకోవడం తిననివాళ్ళ అపోహ. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చలికాలం ముందు గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఆ ఊరి చింతచెట్ల మీద దిగి, గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుకుని వెళతాయి. ఒక్కో గూడబాతు నాలుగైదు కిలోలు తూగుతుంది. ఇళ్ళ పైనే అంత మాంసం కూర్చుని ఉన్నా రాయి విసిరేవాడు లేడు. పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, బయటివాడు ఒడిసెల పట్టుకొస్తే ఊరుకోరు. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలోనూ కొంగలకి అదే మర్యాద. ఏది తినాలో ఏది తినకూడదో ఆ ఊళ్ళు చట్టం పుట్టకముందే తేల్చుకున్నాయి.

ఎలకని పెద్ద హోటళ్ళలోకి తేవాలని చూసినవాళ్ళూ లేకపోలేదు. ప్రష్యా సైన్యం ముట్టడించిన పారిస్‌లో 1870 క్రిస్మస్ రోజు ఒక పేరున్న హోటల్లో, చుట్టూ ఎలకలు పేర్చిన పిల్లి మాంసం విందు జాబితాకెక్కింది. 2008లో బీహార్ సంక్షేమ శాఖ ఉన్నతాధికారి ఒకాయన ఎలక మాంసాన్ని హోటళ్ళలో అమ్మిద్దాం, ఎలకలు తినే ముసహర్ కులంవాళ్ళకి బతుకుతెరువు, ధాన్యమూ మిగులుతుంది అన్నాడు. దేశమంతా నవ్వింది. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. నవ్వినవాళ్ళు లెక్క చూడలేదు, ఎవరి వంటో చూశారు. ఇటు మా హైవే పక్కన మాత్రం కౌజుపిట్టల బోర్డు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ పిట్ట ఫారంలో పుట్టి ఫారంలో పెరిగింది, అడవి మొహం చూసి ఎరగదు. అయినా అడవి పేరుతో రేటు పలుకుతుంది.

ఎలక తినేవాడికి ఇప్పుడు సిగ్గుకన్నా పెద్ద చిక్కు మందు. ఊళ్ళో అందరూ ఒకేసారి ఎలకలకి మందు పెట్టాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెట్టాలి. ఆ మందు తిన్న ఎలక అప్పటికప్పుడు పడిపోదు. లోపల రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజుల తరవాత చస్తుంది. ఈలోగా మామూలు ఎలకలాగే పరుగెడుతుంది, పాముకి దొరుకుతుంది, గుడ్లగూబకి దొరుకుతుంది, పలుగు పట్టినవాడికీ దొరుకుతుంది. దీనికి తోడు ఎలక మూత్రం తగిలిన బురదలోంచి లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు. ఆ ప్రమాదం తినేటప్పటికన్నా గాయాలున్న చేతులతో తవ్వేటప్పుడూ, కోసేటప్పుడూ ఎక్కువ.

మందు తిన్న ఎలకని ఎలా పోల్చుకుంటారని గట్టు మీద ఒక ముసలాయన్ని అడిగాను.

‘పోల్సుకోడానికేటుంది బావూ. మందెట్టిన గట్టుకి ఆ ఏడు ఎల్లం.’

‘మరి రైతు చెప్పకపోతే?’

‘రైతు సెప్పేదేటి? ఆ పొట్లాలు కన్నాల్లో ఎట్టింది నానే గదా, కూలికెల్లి.’