రాయచెర్లుకు ఒక కంప్యూటరు

తుమకూరు జిల్లా పటం తీసి చూచినవారికి పావగడ తాలూకా ఒక వింతగా కనిపిస్తుంది. పేరుకు కర్ణాటకలోనిదే గాని, మూడు వైపులా ఆంధ్రదేశమే చుట్టుకొని ఉంటుంది. క్రింద మడకశిర, ప్రక్కన పెనుకొండ, పైన కళ్యాణదుర్గం. 2022లో అనంతపురం జిల్లా చీలి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడడంతో పొరుగు జిల్లా పేరు మారింది. సంతలో మాట మాత్రం మారలేదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బస్సులో రెండూ కలిపి. మన బెంగళూరు తెలుగు కుటుంబాలలో ఆ ప్రాంతపు మూలాలు గలవారు తక్కువేమీ కాదు.

పావగడ అనగానే మనవారికి శనిమహాత్ముని గుడి, కొండమీది కోట జ్ఞాపకం వస్తాయి. రాయచెర్లు పేరు అంతగా ఎవరూ ఎత్తేవారు కారు. వర్షం మీద ఆధారపడిన శెనక్కాయ పొలాలు, ఎర్రమట్టి, గుండ్రాళ్ళ గుట్టలు. పేరు వింటే చెరువు తలపుకు వస్తుంది గాని, చెరువు నిండిన సంవత్సరాలను పెద్దలు వ్రేళ్ళమీద లెక్కపెడతారు.

ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతూ దూరంగా చూస్తే నిజంగానే పెద్ద చెరువు నిండినట్లు నీలంగా మెరుస్తుంది. నీళ్ళు కావు, సూర్యవిద్యుత్తు పలకలు. తిరుమణి, బాలసముద్రం, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదూళ్ళ పొలాలలో సుమారు 13,000 ఎకరాల మేర పరచిన సోలార్ పార్కు అది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ఇందులో మెచ్చుకోవలసిన సంగతి ఒకటున్నది: భూమిని కొనలేదు, కౌలుకు తీసుకొన్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు చొప్పున పెంపు. పట్టా రైతు పేరనే ఉంటుంది. భూమిలేని కూలివారికి మాత్రం ఈ కౌలులో పాలు లేదు. కలుపు తీసే పని పోయి, బదులు వచ్చినది అందరికీ సరిపోలేదు. ఆ మాట చెప్పకుండా ఈ పార్కును పొగడడం నాకిష్టం లేదు.

మా పెద్దమ్మ కూతురు ఆ ఊళ్ళోనే ఉంటుంది. వారి భూమిలో రెండెకరాలు పార్కులో ఉన్నది. ఆమె కూతురు డిగ్రీలో కంప్యూటరు శాస్త్రం చదువుతున్నది. ఫోనులో పాఠం వినవచ్చు గాని ప్రోగ్రాము వ్రాయడం కష్టం. కళాశాలలో యంత్రం వంతు వచ్చేసరికి గంట కొడతారట. కనుక ఇంటికి ఒక కంప్యూటరు కావలసి వచ్చింది. అక్క ఫోనులో నిక్కచ్చిగా చెప్పింది: “తమ్ముడూ, ఇది రెండెకరాల ఒక ఏడు కౌలు దుడ్డు. సేద్యం చేసి తెచ్చింది కాదు, భూమి ఇచ్చింది. నలభై వేలు దాటకూడదు. చూసి పెట్టల్ల.”

ల్యాప్‌టాప్ కొంటే పోలేదా అని కొందరన్నారు. బెంగళూరులో ఉండేవారికి అదే మేలు కావచ్చు. రాయచెర్లులో దాని బోర్డు చెడిపోతే మొత్తం యంత్రాన్ని మూటగట్టి పట్నం పంపవలసిందే. విడిభాగాలతో కూర్చిన డెస్క్‌టాప్‌లో ఏది చెడితే దానినే ఊడదీసి మార్చుకోవచ్చు. మిగతాది ఇంట్లోనే ఉంటుంది. బాగుచేసేవాడు దూరంగా ఉన్న ఊరికి ఈ గుణం చాలా విలువైనది.

ఇక బెంగళూరులో విడిభాగాల సంగతి వస్తే ఎస్.పి. రోడ్డే, అనగా సాదర పత్రప్ప రోడ్డు. టౌన్ హాలుకు దగ్గరలో ఇరుకు సందులు, మెట్లక్రింద అంగళ్ళు, ఒకదానిమీద ఒకటి పేర్చిన పాత మానిటర్లు. మేనకోడలు తానూ వస్తానన్నది. వచ్చింది, చేతిలో కాగితంతో.

మొదటి అంగడివాడు అడిగిన మొదటి ప్రశ్న, “ఆటలాడుకొనేదానికా?” కాదన్నాము. పాఠాలు, ప్రోగ్రాములు, వీడియో తరగతులు, కొంత టైపు పని. అట్లయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసరులోనే చిత్రం చూపే శక్తి ఉన్నదానిని ఎంచుకొంటే చాలు. ఆయన ఇంటెల్ ఐ3-12100ఎఫ్ చూపి, దాని తోడిదానికంటె ధర తక్కువన్నాడు. చివర ఉన్న ఆ ‘ఎఫ్’ అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. దానిని కొంటే తెర వెలగడానికి మళ్ళీ కార్డు కొనాలి. ఒక్క అక్షరం ఖరీదు వేలలో ఉంటుందన్నమాట. ఈ సంగతి అంగడివాడు చెప్పకముందే మేనకోడలే చెప్పింది.

చివరకు ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి తీసుకొన్నాము. 2021లో వచ్చినది, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే ఉన్నది, వేడికి లెక్క 65 వాట్లు. కొత్తదనం లేదు నిజమే. అది కూర్చునే ఏ.ఎం.4 సాకెట్టు బోర్డులు కొత్తవీ పాతవీ సులభంగా దొరుకుతాయి. రేపు బోర్డు పోయినా వెదుకులాట ఉండదు. బోర్డు కొనేటప్పుడు ఆ ప్రాసెసరును గుర్తించే బయాస్ అందులో ఎక్కించి ఉన్నదా అని అడిగి, అక్కడే వెలిగించి చూపించమన్నాము. విసుక్కొన్నాడు గాని చూపించాడు.

మెమరీ దగ్గర చిక్కు వచ్చింది. 2025 చివరి నెలలనుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధకోసం కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలకు చిప్పులన్నీ పోతూ ఉండడమే కారణం. ఎక్కడో అమెరికాలో కట్టే భవనం రాయచెర్లు ఆడపిల్ల కంప్యూటరు ధరను పెంచుతుందని ఎవరనుకొన్నారు! 8 జీబీ పట్టీలు రెండు వేస్తే జోడుదారిలో పనిచేసి వేగం పెరుగుతుంది. లెక్క కుదరలేదు. ఒక్క 8 తో సరిపెట్టాము. బోర్డు మాత్రం రెండు గాళ్ళున్నదే పట్టుబట్టి తీసుకొన్నాము. దాపుకు 500 జీబీ ఎస్.ఎస్.డి. తిరిగే పళ్ళెంగల పాత హార్డ్‌డిస్కు ఆ ధరకు ఇంకా పెద్దది వచ్చేదే, కాని నడుమ కరెంటు పోయే చోట తిరిగే వస్తువును నమ్మడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చాలామంది లక్షణంగా ప్రాసెసరుకు వెచ్చించి, చివర మిగిలిన చిల్లరతో ఎస్.ఎం.పి.ఎస్. కొంటారు. ఎస్.ఎం.పి.ఎస్. అంటే గోడనుంచి వచ్చే కరెంటును యంత్రానికి తగినట్లు మార్చే పెట్టె. రాయచెర్లులోనే ఒకరింట క్యాబినెట్టుతో ఉచితంగా వచ్చిన పెట్టె ఒక వేసవి రాత్రి పొగచిమ్మి, బోర్డునుకూడా తనతో తీసుకొనిపోయింది. ఈ కంప్యూటరు మొత్తం కలిసి 150 వాట్లు కూడా లాగదు. అందుచేత పెట్టెమీద 500 అని ఉన్నదా, 600 అని ఉన్నదా అనేది ప్రశ్న కాదు. వ్రాసినంత నిజంగా ఇస్తుందా, వోల్టేజి దిగినప్పుడు తట్టుకొంటుందా అన్నదే ప్రశ్న. 80 ప్లస్ గుర్తు కలిగి, 100 నుంచి 240 వోల్టుల దాకా ఎంత వచ్చినా పనిచేసే 450 వాట్ల పెట్టె తీసుకొన్నాము. చేతిలో పట్టుకొంటేనే బరువు తెలుస్తుంది. చవకది డబ్బా మాదిరి తేలికగా ఉంటుంది. దానికి ముందు 600 వీఏ యూపీఎస్ ఒకటి. కరెంటు పోయినప్పుడు పని దాచుకొని ఆపడానికి ఆ కొద్ది నిమిషాలు చాలు.

మిగిలినది తెర. ఆఫీసులు వదలిన వాడుక మానిటర్లు ఆ సందుల్లో దొరుకుతాయి. తెల్లని బొమ్మ, నల్లని బొమ్మ వేయించి, మచ్చలు లేవని చూచి 22 అంగుళాలది కొన్నాము. విండోస్‌కు వెచ్చించకుండా ఉచితంగా వచ్చే ఉబుంటు ఎక్కించాము. తెలుగు టైపుకు ప్రత్యేకమైన కీబోర్డు అక్కరలేదు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు ‘క’ ఏ మీట మీద ఉంటుందో కన్నడ ‘క’ కూడా ఆ మీట మీదే. ఒక భాషకు వ్రేళ్ళు అలవాటైతే రెండవది ఉచితం. రెండు భాషల నడుమ బ్రతికే ఊరికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఏముంది?

మొత్తం అంగడిలోనే కూర్చి, గంటసేపు నడిపించి చూచి, మధుగిరి మీదుగా పోయే బస్సులో తెచ్చాము. మానిటరు మేనకోడలి ఒళ్ళో, పెట్టె నా కాళ్ళ నడుమ. ఎక్కినవారందరూ టీవీయా అని అడిగినవారే.

ఇంటికి చేరాక ముందు చూచినది ఎర్తింగు. మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నంత మాత్రాన మూడవ కాలికి భూమి దొరికినట్లు కాదు. ఆ నేల ఎండితే భూమికి పోవలసిన కరెంటుకు దారి సన్నబడుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి గుంత త్రవ్వించి, ఉప్పు, బొగ్గు వేయించాడు. వేసవిలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్ళు పోయమన్నాడు. “తాగేదానికే నీళ్ళు తిప్పలు, దీనికొకటా!” అన్నది అక్క. అయినా పాత్రలు కడిగిన నీళ్ళు ఇప్పుడు అక్కడికే పోతున్నాయి. పెట్టెను నేలమీద గాక పీటమీద ఉంచాము. ఎర్రధూళి ముందు నేలబారునే వస్తుంది. గాలి పీల్చే వైపు జల్లెడ ఉన్న క్యాబినెట్టు తీసుకొన్నది అందుకే. నెలకొకసారి దులపాలి.

సాయంకాలం పార్కు వైపు నడిచాము. పలకలమీద పుట్టేది ఏకముఖ విద్యుత్తు. అక్కడే దానిని ఏకాంతర విద్యుత్తుగా మార్చి, పెద్ద తీగలతో గ్రిడ్డుకు పంపుతారు. ఈ ఊరి పలకలనుంచి ఈ ఊరి ఇండ్లకు నేరుగా తీగలేదు. ఎక్కడెక్కడో తిరిగి అందరితోపాటే వస్తుంది. వచ్చినదానిని మా ఎస్.ఎం.పి.ఎస్. మళ్ళీ ఏకముఖం చేసి బోర్డుకు అందిస్తుంది. మేనకోడలు ఇది విని, “అయితే మామా, మా పొలంలో ఉన్నట్లే ఉండాలనా దానికి!” అని నవ్వింది.

బోర్డులో రెండవ గాడి ఇంకా ఖాళీగానే ఉన్నది. వచ్చే కౌలు చేతికి వచ్చేనాటికి ధర దిగితే అదే రకం, అదే వేగం గల 8 జీబీ పట్టీ ఇంకొకటి కొని పంపాలి. పాత పట్టీమీది చీటీని ఫొటో తీసి ఫోనులో ఉంచుకొన్నాను.