తీర్థమిచ్చు చేయి

స్వామి సన్నిధిలో తీర్థమిచ్చు నా కుడిచేతిపై రెండు సంవత్సరములుగా నల్లని మచ్చలున్నవి. వ్రేళ్ళ సందులయందును, మణికట్టు చుట్టును బూడిదవన్నె కలిసిన నలుపు. అది అంటువ్యాధి కాదు. అయినను చూచువారి కన్నులకు ఆ సంగతి తెలియదు గదా!

మూలము చామంతిపూలు. కార్తికమాసమున దినమంతయు తడిచేతులతో పూలు త్రుంచి సహస్రనామార్చన చేయుచుండగా దురద మొదలై, చర్మము ఎఱ్ఱబారి, పగిలి, రసి కారినది. నేను కుంకుమలోని రంగును శంకించితిని. చర్మవైద్యురాలు వీపుపై పట్టీలంటించి, 48 గంటల పిదప తీసి, మరల రెండు దినములకు చూచి, చామంతియే కారణమని తేల్చిరి. ఆ నాలుగు దినములు వీపు తడవరాదు. స్నానము లేక గర్భాలయ ప్రవేశము లేదు గనుక మా తమ్ముడు అర్చన నిర్వహించెను.

లేపనముతో పుండు మానినది, మచ్చ నిలిచినది. చర్మము వాచిన చోట మెలనిన్ అను వర్ణకము అధికముగా పుట్టుననియు, అది లోపొరలోనికి దిగినచో తొలగుటకు సంవత్సరములు పట్టవచ్చుననియు, ఎండ తగిలిన ముదురుననియు చెప్పిరి. ప్రాతఃకాలార్ఘ్యమునకు మాత్రము అనుమతి దొరికినది. ఒక భక్తుడు నన్ను నీలకంఠునితో పోల్చి ఓదార్చబోయెను. నాకు రుచింపలేదు. ఆయన లోకములకొఱకు గరళము మ్రింగెను. నేను చేతొడుగు లేక పూలు త్రుంచితిని, అంతియే.

గీతలోని త్రయోదశాధ్యాయమును ఇరువది ఏండ్లుగా ప్రవచించుచున్నాను. శరీరము క్షేత్రము, దానినెఱిగినవాడు క్షేత్రజ్ఞుడు. భాష్యము కంఠస్థమే. అట్టి నేను మచ్చలు కనబడకుండ ఉత్తరీయపు కొంగును మణికట్టుపైకి లాగుకొనుచుంటిని. ఒకనాడు ఒక తల్లి తీర్థమునకు చేయి చాచి, నా వ్రేళ్ళను చూచి, వెనుకకు తీసికొనెను.

అప్పుడు వేఱొక చేయి జ్ఞప్తికి వచ్చినది. నేను అర్చకత్వమున చేరిన తొలియేట, బొల్లిమచ్చలున్న వృద్ధుడొకరు నిత్యము ప్రదోషవేళ వచ్చుచుండిరి. అందరికివలె దగ్గరగా గాక, ఆయన చేతిలో జానెడెత్తునుండి ఉద్ధరిణె వంచుచుంటిని. సగము నేలపాలగుచుండెను. ఆయన ఒక్కనాడును ఏమియు ననలేదు. నేలపై పడిన తీర్థమును వ్రేలితో తాకి కన్నులకద్దుకొనెడివారు. నేను దానిని శౌచమనుకొంటిని. ఆయన శివసాయుజ్యమొంది చాల ఏండ్లైనది. క్షమాపణ కోరుకొందమన్నను లేరు.

ఇప్పుడు చామంతులు మా తమ్ముని వంతు, మారేడుదళములు నా వంతు. ఉత్తరీయము భుజముపైననే యుండును. సంకోచించినవారితో “పాత పుండు మచ్చ, అంటుకొనదు” అని చెప్పి కొంత తడవు ఆగుదును. కొందరు పుచ్చుకొందురు, కొందరు అక్షతలు మాత్రము తీసికొని మరలుదురు.

గడచిన సోమవారము ఆ తల్లియే మరల వచ్చి, తీర్థము పుచ్చుకొని, ప్రక్కకు నిలిచి మెల్లగా అడిగినది: “అయ్యవారూ, మా కోడలు పూలమాలలు కట్టును. దాని చేతులును ఇట్లే అయినవి. మీరు ఏ వైద్యురాలికి చూపించితిరి?”