గుట్టబాటలు, పరుగెత్తే పిల్లలు



కొంతకాలంగా మా హుస్నాబాదు చుట్టుపక్కల గుట్టలమీద తెల్లవారకముందే పరుగెత్తే పిల్లలు కనబడుతున్నారు. మొదట వచ్చినవారు పోలీసు ఉద్యోగార్థులు. 2022 నాటి నియామకాలలో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని నియమం పెట్టారు. బడి మైదానంలో గానుగెద్దువలె తిరిగి విసిగినవారు గుట్టదారి పట్టారు. వారి వెనుక మరొక వర్గం వచ్చింది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, శనివారం రాత్రి ఇల్లు చేరి, ఆదివారం పొద్దున రాళ్లమీద, ముళ్లమధ్య పది పదిహేను కిలోమీటర్లు పరుగెత్తేవారు. దీనిని ట్రైల్ రన్నింగ్ అంటారట. "ఎవడు తరుముతుండు బిడ్డా?" అని మా వాడకట్టులోని ముసలమ్మ ఒకామె నిజమైన ఆందోళనతోనే అడిగింది.

నేను పరుగెత్తేవాణ్ణి కాను. మోకాళ్లను బతిమాలుకుంటూ నడిచేవాణ్ణి. అయినా ఈ పిల్లలు దారులు అడగడానికి నా దగ్గరికే వస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సు పోని ఊళ్ల బడులకు గుట్టలకు అడ్డంపడి నడిచి పోయినవాణ్ణి గనుక. వారి చేతిలోని ఫోనులో పటం ఉన్నది. ఆ పటంలో డాంబరు రోడ్లన్నీ ఉన్నవి. గుట్టమీద మాత్రం ఏమీ లేదు, బూడిదరంగు ఖాళీ. నాకు ఆ ఖాళీలోనే ఊరంతా కనబడుతుంది.

మన భాషలో దారికి ఎన్ని మాటలున్నవో చూడండి. సంస్కృతంలో 'మార్గము' అంటే వెదకబడేదని వ్యుత్పత్తి చెబుతారు. మృగం పోయిన జాడ అని కూడ అంటారు. పండితులు అక్కడ ఆగిపోతారు. మా ఊళ్లవాళ్లు ఆగరు. మనిషి నడిస్తే తొవ్వ, బండి నడిస్తే బండ్లబాట, గ్రామపటంలోకి ఎక్కితే నక్షబాట. రెండు పొలాల మధ్య నడిచేది గెట్టు; ఇసుకలో కాలు దిగబడేది ఒర్రె; కాలికి ఏమీ తగలకుండ నున్నగా పరచుకొని ఉండేది పరుపుబండ. పరుగుకు పాతకావ్యాలలో 'పరువు' అన్న మాట ఉన్నది, 'పరువిడు' అంటే పరుగెత్తడం. ఈ సంగతి చెబితే ఒక పిల్లవాడు నవ్వి, "అయితే మా పరువు గుట్టమీదనే ఉన్నది సార్" అన్నాడు. శ్లేష బాగున్నది, మార్కులు వేశాను.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. అతనికీ ఈ పరుగు పిచ్చి అంటుకున్నది. కాట్స్‌వోల్డ్స్ అనే సున్నపురాతి పీఠభూమిలో పరుగెత్తి బొమ్మలు పంపుతాడు. తేనెరంగు రాతి ఇండ్లు, పాత చర్చీలు, గొర్రెల పచ్చికలు. చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుండి బాత్ నగరం దాకా 102 మైళ్ల కాలిబాట ఒకటి ఉన్నది. బొమ్మలకన్న నన్ను ఆకర్షించింది అక్కడి న్యాయసూత్రం. ఒకసారి బాట అయినది ఎప్పటికీ బాటయేనట. బాట తన పొలంలోనుండి పోతున్నా యజమాని దానిని మూయరాదు. పాతబాటలను లెక్కలోకి ఎక్కించడానికి 2000 నాటి చట్టం 2026 దాకా గడువు పెడితే, నడిచేవారి సంఘాలు పాత పటాలన్నీ తిరగవేశాయి. గడువు 2031కి జరిగింది. 2024 డిసెంబరులో ఆ గడువునే ఎత్తివేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కాలిబాటకోసం ఇంత పోరు పెట్టుకునేవాళ్లను చూస్తే ముచ్చట వేసింది.

మాది సున్నపురాయి కాదు. అది కావాలంటే గోదావరి వైపు, బసంతనగర్, మంచిర్యాల దాకా పోవాలి. అక్కడ సిమెంటు కర్మాగారాలు పుట్టింది దానివల్లనే. మాది గ్రానైటు. ఏనుగులు పండుకొన్నట్లుండే బండలు, వాటి సందులలో సీతాఫలపు చెట్లు, కింద ఎర్రటి మొరం. కాట్స్‌వోల్డ్స్ పచ్చిక మెత్తన మా దగ్గర దొరకదు. చరిత్రకు మాత్రం కొదువ లేదు.

పిల్లలకు నేను ముందుగా చెప్పేది సర్వాయిపేట వైపు దారి. 2016లో హుస్నాబాదు సిద్ధిపేట జిల్లాలో చేరింది, సైదాపూర్ మండలం కరీంనగర్‌లోనే మిగిలింది. కాబట్టి ఈ దారిలో పరుగెత్తేవాడు ఒక జిల్లాలో చెప్పులు తొడిగి ఇంకొక జిల్లాలో చెమట తుడుచుకుంటాడు. వానకాలమైతే రాయికల్ జలపాతం చప్పుడు ముందు వినబడుతుంది, తరువాత కనబడుతుంది. సర్వాయిపేటలో సర్వాయి పాపన్న కోట శిథిలాలున్నవి. గీతకార్మికుల కులంలో పుట్టి, మొగలు అధికారులను ఎదిరించి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నవాడు. పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతనిని దొంగ అని రాశాడు. మన పల్లె గాయకులు వీరుడని పాడారు. ఈ రెండు చూపులను పక్కపక్కన పెట్టి రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఒక మంచి వ్యాసం రాశారు. చదివి కోటకు పోతే ఒక తీరు, కోట చూసి చదివితే ఇంకొక తీరు. గుర్రాల సైన్యానికి ఈ బండలు ఎంత కష్టమో, తాడెక్కి దిగే కాళ్లకు ఎంత సులభమో అక్కడ పరుగెత్తినవాడికి వేరే చెప్పనవసరం లేదు.

మహ్మదాపూర్ గుట్టల దగ్గర మాత్రం పరుగు ఆపి నడవమంటాను. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి మొదలైన పన్నెండుమంది నిజాం బలగాల తుపాకులకు అక్కడ బలి అయినారు. ఊరూరా పటేలు పట్వారీల దగ్గరి దస్తావేజులు తగులబెడుతూ వచ్చిన దళం అది. చెవులలో పాట పెట్టుకొని అక్కడ దౌడు తీసేవాళ్లను చూస్తే నాకు నచ్చదు, చెప్పాను కూడ.

పొట్లపల్లి, ఉమ్మాపూరు దగ్గరి మహాసముద్రం గండి, ఇవన్నీ ఒక్కొక్క ఆదివారానికి చాలుతాయి. గుడాటిపల్లి దారి మాత్రం అడగకండి. గౌరవెల్లి జలాశయం కొరకు ఆ ఊరే లేచిపోయింది. పాత బాట కట్ట దగ్గర ఆగిపోతుంది.

అసలు భయం నీళ్లతో కాదు, రాయితోనే. కరీంనగర్ గ్రానైటుకు విదేశాలలో గిరాకీ. నా కండ్లముందే ఒక గుట్ట సగమై, పావై, చివరకు నీళ్లు నిలిచిన గుంత అయింది. దానిమీది బాట ఏ కాగితంలోను లేదు గనుక పోయిందని రాయడానికి కూడ వీలులేదు. గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలమ్మ గుట్టనే తలచుకోండి. పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945 ప్రాంతంలో అక్కడ రాతిమీద సంస్కృత కన్నడాలతోపాటు తెలుగు కందపద్యాలు చెక్కించాడు, నన్నయకు శతాబ్దం ముందు. తవ్వకాల ప్రమాదం ఆ గుట్టకూ తప్పలేదు. అక్షరాలున్నవి గనుక దాని తరఫున మాట్లాడేవాళ్లు పుట్టారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఆ శాసనం పేరు అందరి నోట వినబడింది. అక్షరం లేని గుట్టకు సాక్ష్యం ఏమిటి? మనుషుల అడుగులే.

మొన్నటి చలికాలంలో మా గొర్రెలకాపరులు నడిచే బాటకు ఎవరో వెంచరువాళ్లు ముళ్లకంచె వేశారు. నక్షలో లేదు, కనుక బాట కాదన్నారు. కాపరి ఒకతను, "గీ తొవ్వ మా తాతల నాటిది సారూ, కాయిదం మాత్రం లేదు" అన్నాడు. పరుగెత్తే పిల్లల ఫోనులో మాత్రం రెండేండ్ల లెక్క ఉన్నది. ఏ తేదీన ఎవరెవరు, ఏ వంకరలో తిరిగి, ఎన్ని నిమిషాలలో ఆ బాట దాటారో గీతలతోసహా ఉన్నది. వాటిని అచ్చువేసి, కాపరుల వాఙ్మూలాలు జతచేసి తహసీలుదారుకు అర్జీ రాశాము. అర్జీ భాష నాది. ఇంకా జవాబు రాలేదు.

ఆ గీతకు పేరు పెట్టమని ఫోను అడుగుతున్నదట. ఇంగ్లీషులో ఏదో 'రిడ్జ్' అని పెట్టబోయారు. కాపరులు ఏమంటారో అదే పెట్టమన్నాను. 'గొర్ల తొవ్వ' అని తెలుగులో కొట్టారు. రేఫమీది ఒత్తు సరిగా పడలేదని చూసి, నేనే దిద్ది ఇచ్చాను.