పాత కంప్యూటర్ చేయని నేరం

గేమ్ సర్వర్ ఆగిపోయిందంటే చాలు, అందరి చూపూ ముందు కంప్యూటర్ వయసు మీదే పడుతుంది. ‘పదిహేనేళ్ల డబ్బా, ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది’ అని తేల్చేస్తారు. సూరత్ దగ్గరి కడోదరాలో ఈ తీర్పుకు ఖరీదెక్కువ. 48వ నంబరు, 53వ నంబరు జాతీయ రహదారులు కలిసే కూడలి ఇది. చుట్టూ సాంచాలు (మరమగ్గాలు), డైయింగ్ మిల్లులు, గోదాములు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి బతుకుదెరువు కోసం సూరత్ చేరిన కుటుంబాలకు కొత్త కంప్యూటర్ అంటే నెలల తరబడి కూడబెట్టాల్సిన సొమ్ము. అందుకే ఏ ఆఫీసులోనో తీసేసిన డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో ఇంటికొస్తుంది. పిల్లలు దాని మీద కౌంటర్ స్ట్రైక్‌కో మైన్‌క్రాఫ్ట్‌కో సర్వర్ పెట్టుకుంటారు. అది మొరాయించగానే వయసును నిందించి తుక్కుకు వేయడం చాలాసార్లు తొందరపాటే. అసలు లోపం చవగ్గా సరయ్యే చోట ఉంటుంది, వెతికే పద్ధతి తెలిస్తే దొరుకుతుంది. నా వాదన ఇదే.

ముందు ఈ సర్వర్ ఎందుకన్నది చెప్పాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే మనవాళ్లు ఇక్కడ ఎంతగా స్థిరపడ్డారో అర్థమవుతుంది. కానీ ఒక్కో కుటుంబంలో ఒకరు ఇక్కడ, మరొకరు భీవండీలో, ఇంకొకరు షోలాపూర్‌లో, పెద్దవాళ్లు సిరిసిల్లలో. చిన్నాన్న పిల్లలు, మేనబావలు కలిసేది పెళ్లిళ్లకే. సాయంత్రం రెండు గంటలు అందరూ ఒకే ఆటలో, ఒకే మాటల సందడిలో ఉండటం ఆ పిల్లలకు చుట్టరికమే. దూరం దీనికి అడ్డు కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సూరత్ నుంచి హైదరాబాద్ నేరుగా 700 కిలోమీటర్ల పైచిలుకు. తీగ చుట్టుతిరిగి దానికి మూడింతల దారిలో వెళ్లినా, రానూపోనూ ప్రయాణానికి 20 మిల్లీసెకన్లకు కాస్త పైన పడుతుంది. ఆటకు అది లెక్కలోకి రాదు.

ఇక యంత్రం సంగతి. డెడికేటెడ్ సర్వర్ బొమ్మలు గీయదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తూటా ఎటు పోయింది, తలుపు తెరుచుకుందా లేదా అన్న లెక్కలు చేసి అందరికీ పంపడమే దాని పని. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, మానిటర్ కూడా అక్కర్లేదు. కౌంటర్ స్ట్రైక్‌కు మూలమైన హాఫ్ లైఫ్ 1998లో వచ్చినప్పుడు ఆట ఆడటానికే అడిగింది 133 మెగాహెర్ట్జ్ పెంటియం, 24 ఎంబీ ర్యామ్. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో దానికి ఎన్నో రెట్లు బలమైనది. కంప్యూటర్ పాతదే గానీ దానికి అప్పగించిన పని ఇంకా పాతది. మైన్‌క్రాఫ్ట్ ఇంతకంటే బరువే, అయినా నలుగురైదుగురి ఆటకు అది కూడా మరీ మోయలేని బరువేం కాదు.

అలాంటప్పుడు ఆట ఎందుకు నత్తనడక నడుస్తుంది? ఆ సంగతి సర్వర్ తన లాగ్‌లోనే రాసి పెడుతుంది, చదివేవాళ్లే తక్కువ. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ తన లోకాన్ని సెకనుకు 20 సార్లు ముందుకు జరుపుతుంది. ఒక్కో అడుగుకు 50 మిల్లీసెకన్ల గడువు. ఆ గడువు బాగా దాటిపోతే, తాను ఎన్ని మిల్లీసెకన్లు వెనకబడిందో లాగ్‌లో ఒక హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరిక పక్కనున్న సమయం చూడాలి. సరిగ్గా ఐదేసి నిమిషాలకు వస్తోందంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. సర్వర్ తన లోకాన్ని డిస్కులో దాచుకునే వ్యవధి అదే. అరిగిన హార్డ్ డిస్క్ ఆ రాత దగ్గర తడబడుతోందన్నమాట. చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే తీరుతుంది. మొదటి అరగంట బాగా నడిచి తర్వాత హెచ్చరికలు వరసకడితే అనుమానం వేడి మీదికి పోవాలి. ఎవరో కొత్త దిక్కుకు పరుగెత్తి కొత్త భూభాగం తెరిచినప్పుడే వస్తే, అప్పుడు ప్రాసెసర్‌కు నిజంగానే భారమైంది. చూపు మేర తగ్గించే సెట్టింగ్ ఒకటి మారిస్తే ఊపిరి పీల్చుకుంటుంది. ఫిర్యాదు ఒక్కటే, ఆట ఆగి ఆగి నడుస్తోందని. కారణాలు మూడు, వాటిని విడదీసేది గడియారం.

మెమరీ విషయంలో మంచి ఉద్దేశంతోనే చెడు జరుగుతుంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో మైన్‌క్రాఫ్ట్‌కు మూడున్నర జీబీ రాసిచ్చేస్తారు, ఎక్కువిస్తే వేగంగా నడుస్తుందని. మిగిలిన అరలో ఆపరేటింగ్ సిస్టమ్ ఇమడలేక డిస్కును ఆశ్రయిస్తుంది. జావా తన చెత్త ఊడ్చుకునేటప్పుడు మెమరీలో మూలమూలా తడుముతుంది. ఆ మూలలు డిస్కులోకి వెళ్లిపోయి ఉంటే ఊడ్చే ప్రతిసారీ సర్వర్ కొయ్యబారిపోతుంది. 2 జీబీకి తగ్గిస్తే అదే యంత్రం తేలికపడుతుంది. ఖర్చేమీ లేదు.

కడోదరా గాలిలో నూలు ధూళి ఉంటుంది, మిల్లుల బాయిలర్ల మసి ఉంటుంది. సాంచాల షెడ్డుకు ఆనుకుని ఉన్న ఇంట్లో క్యాబినెట్ మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్‌కూ కింది రేకులకూ మధ్య బూడిదరంగు పొర పలచటి నమదాలా పరుచుకుని కనిపిస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది; గాలి మాత్రం రేకుల్లోకి దిగదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ముసలితనంలా కనిపించేది ఆ జాగ్రత్తే. ఫ్యాన్ ఊడదీసి, వెనక నుంచి గాలి కొట్టి, ఎండి పెళుసైన థర్మల్ పేస్ట్ తుడిచి శనగగింజంత కొత్తది పెడితే తేడా ఆ పూటే తెలుస్తుంది.

హఠాత్తుగా ఆగిపోవడం వేరే జబ్బు. ఇక్కడా ఆధారాలు మాట్లాడతాయి. ప్రోగ్రామ్ కూలితే క్రాష్ రిపోర్ట్ వదిలిపోతుంది. మెమరీ చాలక లినక్స్ దాన్ని చంపితే కెర్నల్ లాగ్‌లో ఒక లైను మిగులుతుంది. ఏ మాటా లేకుండా లాగ్ మధ్యలో తెగిపోయి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 41వ నంబరు ఈవెంట్ కనిపిస్తే అది చాలావరకు కరెంటు సంగతి. పక్కనే సాంచాల మోటార్లు ఒక్కసారిగా అందుకున్నప్పుడు లైన్‌లో వోల్టేజ్ క్షణకాలం జారుతుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మంచిదైతే ఆ రెప్పపాటును తన కెపాసిటర్లలోని నిల్వతో దాటిస్తుంది. వాటి పైభాగం ఉబ్బిన పాతది దాటించలేదు. మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ని, కుదిరితే ఒక చిన్న యూపీఎస్ పెట్టాలి. సాంచా ఆగితే, దాన్ని బాగుచేసే జాబర్ తుక్కుకు పంపడు. పోగు తెగిందా, బెల్ట్ జారిందా అని ఒక్కొక్కటే చూస్తాడు, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. ఆ క్రమశిక్షణే ఇక్కడా కావాలి. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, సెట్టింగులు ఒకే రోజు మార్చేస్తే జబ్బు పోయినా ఏది జబ్బో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే రావాలి.

అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది మదర్‌బోర్డ్ మీది నాణెమంత బ్యాటరీ, సీఆర్2032, మూడు వోల్టులది. అది అయిపోయాక కరెంటు పోయివస్తే కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఆటగాళ్ల ఖాతాలను సరిచూసుకోవడానికి సురక్షిత కనెక్షన్ తెరుస్తుంది. అవతలి ధ్రువపత్రం ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అని ఈ కంప్యూటర్ నమ్మి తిరస్కరిస్తుంది. తెర మీద మాత్రం అవతలి సర్వర్లే పనిచేయడం లేదన్న సందేశం వస్తుంది. ఇంటర్నెట్ ఇచ్చినవాడిని తిడతారు, రూటర్ మారుస్తారు. విండోస్ తేదీని దానంతట అదే సరిదిద్దుకోవాలి కదా అంటే, మామూలు సెట్టింగుల్లో తేడా 15 గంటలు దాటితే అది సరిదిద్దదు. అప్పుడు చూడాల్సింది తెర మూలన ఉన్న తేదీ.

సర్వర్ చక్కగా నడుస్తూ, ఇంట్లోవాళ్లు చేరగలిగి, సిరిసిల్లలోని వాళ్లు మాత్రం చేరలేకపోతే ఆ కంప్యూటర్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. ముందు పోర్ట్ చూడాలి: మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు 25565, టీసీపీలో, కౌంటర్ స్ట్రైక్‌కు 27015, యూడీపీలో. రూటర్‌లో ఒకదానికి బదులు మరొకటి ఎంచి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. అది సరిగ్గానే ఉంటే రూటర్ పేజీలో బయటి చిరునామా చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. ఐపీవీ4లో చిరునామాలు మొత్తం 430 కోట్లే. ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్ నాటికి చివరి మూటకు వచ్చింది. ఒకే చిరునామాను ఎంతోమందికి పంచడానికి కంపెనీలకు 2012లో ఈ 100.64 వరసను ప్రత్యేకంగా కేటాయించారు. బయటి నుంచి వచ్చే పిలుపు ఆ ఉమ్మడి వాకిలి దగ్గరే ఆగిపోతుంది, మన గుమ్మం దాకా రాదు. దీనికి దారులున్నాయి: డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం, రెండు వైపులా ఐపీవీ6 ఉంటే దాన్ని వాడటం, లేదా టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటి వాటితో చుట్టాలందరి కంప్యూటర్లనూ ఒకే అంతర్గత నెట్‌వర్క్‌లో కలపడం. కుటుంబ సర్వర్‌కు మూడోదే మేలని నా అభిప్రాయం. ఖర్చు లేదు, బయటి లోకానికి తలుపు తెరవాల్సిన పనీ లేదు.

ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఇంకో మాట. స్టీమ్‌సీఎండీతో హాఫ్ లైఫ్ సర్వర్ దించేటప్పుడు మొదటిసారికి ఫైళ్లన్నీ రావు. అదే ఆదేశం పలుమార్లు ఇవ్వాల్సి ఉంటుందని వాల్వ్ సంస్థ డెవలపర్ పేజీలే చెబుతాయి. ఇది కొత్త కంప్యూటర్‌లోనూ జరుగుతుంది.

అయితే వయసు ఎప్పుడూ నిర్దోషేనా? కాదు. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 నుంచి 64 బిట్ వ్యవస్థ, కనీసం జావా 21 కావాలి. 32 బిట్ యంత్రం అక్కడ ఏం చేసినా పనికిరాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. విండోస్ 7, 8 మీద స్టీమ్ మద్దతు 2024 జనవరి 1తో ముగిసింది. ఇవి వయసు హద్దులే, ఒప్పుకోవాలి. కానీ ఇవి కచ్చితమైన హద్దులు. ఏ ఆటకు, ఏ వెర్షన్‌కు అన్నది ముందే చదివి తెలుసుకోవచ్చు. ఆట పాత వెర్షన్ పెట్టుకుంటే ఆ యంత్రం మళ్లీ పనికొస్తుంది.

భద్రత గురించిన అభ్యంతరం ఇంతకంటే బలమైనది. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వాక్యం టైప్ చేసి సర్వర్‌ను స్వాధీనం చేసుకోగలిగారు. పాత వెర్షన్ అంటే అలాంటి రంధ్రాలు మూయని వెర్షన్ కావచ్చు. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డులు, ఆధార్ కాపీలు, పెళ్లి ఫొటోలు ఉండకూడదు. సర్వర్‌ను అడ్మిన్ ఖాతాతో నడపకూడదు. మద్దతున్న లినక్స్ వేయాలి, ఆటకు వచ్చిన సవరణలు వెంటనే పెట్టాలి, వైట్‌లిస్ట్‌లో చుట్టాల పేర్లే ఉండాలి. ఇవి చేయలేనివాళ్లు బయటికి పోర్ట్ తెరవకపోవడమే మంచిది.

కరెంటు బిల్లు సంగతి లెక్కతో తేలుతుంది. 80 వాట్ల యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే నెలకు దాదాపు 58 యూనిట్లు, యూనిట్‌కు 7 రూపాయల చొప్పున 400 దాటుతుంది. ఆ సొమ్ముకు అద్దె సర్వర్ వస్తుంది కదా అనేవాళ్ల మాట నిజమే. కానీ పిల్లలు ఆడేది సాయంత్రాలే. రోజుకు నాలుగు గంటలైతే 10 యూనిట్లు కూడా కావు, 70 రూపాయల లోపే. పైగా ఇతరుల సర్వర్ ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో లేదు. 2014లో వచ్చిన ద క్రూ అనే ఆటను దాని కంపెనీ 2024 మార్చి 31న ఆపేస్తే, డబ్బిచ్చి కొన్నవాళ్లెవరూ ఒంటరిగానైనా ఆడలేకపోయారు. దాని మీద పుట్టిన ఉద్యమానికి ఐరోపాలో 2025 జులైకల్లా 10 లక్షల సంతకాలు దాటాయి. ఇంట్లోని సర్వర్‌ను అంత తేలిగ్గా ఎవరూ ఆపలేరు. ఒక పెన్‌డ్రైవ్‌లో దాని నకలు ఉంటే చాలు.

పిల్లలు చదువు మానేసి ఆటల్లో మునుగుతారన్న భయం అమ్మానాన్నలది, ఆ భయంలో న్యాయముంది. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పక్కన కూర్చుని కాపలా కాయలేరు. కానీ ఫోన్‌లోని ఆటకు మూసే వేళంటూ లేదు, అవతల ఉన్నది ఎవరో తెలియదు. ఇంటి సర్వర్‌లో ఎవరెవరున్నారో పేరుపేరునా తెలుసు. దాన్ని రాత్రి పదింటికి మూసేయడానికి లినక్స్ క్రాన్‌ట్యాబ్‌లో ఒక్క లైను సరిపోతుంది. పది నిమిషాల ముందు ఆటలో హెచ్చరిక వచ్చేలా ఇంకో లైను రాయాలి. మూసేముందు సర్వర్‌కు స్టాప్ ఆదేశం వెళ్లేలా చూసుకోవాలి. నేరుగా స్విచ్ ఆపేస్తే పిల్లలు చివరి నిమిషాల్లో కట్టింది డిస్కుకు చేరకుండానే పోవచ్చు.